రేకుల బడికి పందొమ్మిది బాణాలు

ఆ ఎండాకాలమంతా నా చేతిసంచిలో రెండు వస్తువులు తప్పకుండా ఉండేవి. ఒకటి వంద పేజీల నోటుపుస్తకం, రెండోది ఎర్ర బాణాల చుట్ట. బాణాలంటే పెద్దవేం కావు, గోరంత స్టిక్కర్లు. మా చొక్కాల కంపెనీలో చెకింగు బల్ల దగ్గర నేను చేసే పని అదే. కుట్టి వచ్చిన చొక్కాను వెలుతురుకి పట్టుకుని, ఎక్కడ దారప్పోగు వేలాడుతోందో, ఎక్కడ కాలరు మొన వంకరపోయిందో వెతికి, ఆ తప్పు మీద ఒక బాణం అంటించి పక్కన పడేయడం. ఒకటీ రెండూ ఉంటే సరిచేయడానికి వెళుతుంది. ఐదు దాటితే అది ఇక చొక్కా కాదు, గుడ్డపీలిక. పదకొండేళ్లుగా ఇదే పని. అందుకే ఇంట్లో కూడా నాకు ముందు తప్పే కనబడుతుందని మా ఆయన దెప్పుతుంటాడు. కనబడ్డాక చెప్పొద్దా మరి?

ఆ ఎండాకాలం మా బుడంకాయని బడిలో వేయాల్సి వచ్చింది. బుడంకాయంటే మా అమ్మాయి. మూడున్నరేళ్లది. దానికో అసలు పేరు ఉంది గాని, ఆ పేరుతో పిలిచేది మందుల చీటీ రాసే డాక్టరు ఒక్కడే.

కిందటేడు దాన్ని ఒక ప్రైవేటు బడిలో వేసి చూశాం. సరిగ్గా మూడు రోజులు. మొదటిరోజు గేటు పట్టుకుని ఏడ్చింది. రెండోరోజు గేటు కనబడకముందే ఏడ్చింది. మూడోరోజు వాళ్లే ఫోన్ చేసి తీసుకెళ్లమన్నారు. "పాప ఒక్క ముక్క మాట్లాడదండీ. పిల్లల్లో కలవదు. ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకోండి" అన్నారు. ఇంట్లోనే ఉంచాం. మా అత్తగారు చూసుకున్నారు.

ఈ ఏడు ఆ వీలు లేదు. ఆవిడ రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఎండాకాలం చివర్లో ఆపరేషన్. ఆ తర్వాత నెలరోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, ఎండలోకి రాకూడదు అని డాక్టరు ముందే చెప్పేశాడు. మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లారకముందే వెళ్లిపోయే మనిషి. కాబట్టి బుడంకాయ ఈసారి బడిలో నిలవాలి. నిలవకపోతే నేను పని మానేయాలి. మా కంపెనీలో చెకింగు కుర్చీ ఒక్కపూట ఖాళీగా ఉండదు. లేస్తే మళ్లీ దొరకదు.

మా వార్డులో సర్కారు బాలబడులు నాలుగున్నాయి. నీళ్ల ట్యాంకు బడి, పోస్టాఫీసు వెనక బడి, మేడ బడి, రేకుల బడి. బోర్డుల మీద వేరే పేర్లున్నాయి గాని ఎవరూ వాడరు. దరఖాస్తులో నాలుగింటినీ మనకిష్టమైన వరసలో రాయాలి. మొదట రాసిందే దాదాపుగా వస్తుంది, వచ్చాక ఏడాదిదాకా మార్చరు. గడువు నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఐదింటికి.

"ఏముంది, దగ్గర్లో ఉన్నది రాసెయ్" అన్నాడు మా ఆయన.

"నువ్వు బస్సు కొనాలంటే ఇలాగే కొంటావా? దగ్గర్లో నిలబెట్టి ఉందని?"

"నేను బస్సు కొనను తల్లీ, నడుపుతాను" అని టవలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. ఆ మనిషితో సంప్రదింపులు అంతటితో ముగిశాయి.

సరే, నా పద్ధతిలో నేనే చూసుకుందామనుకున్నాను. మాకు ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనాల విరామం. బాలబడులకి ఎండాకాలం సెలవులుండవు, పనికెళ్లే తల్లుల కోసం పెట్టినవి కదా. రోజుకొక బడికి వెళ్లి, తప్పులు వెతికి, నోటుపుస్తకంలో ఆ బడి పేజీలో తప్పుకొక బాణం అంటించాలి. ఎవరికి తక్కువ బాణాలుంటే అదే మంచి బడి. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఉంటుందా చెప్పండి.

నీళ్ల ట్యాంకు బడికి వెళ్లాను. పిల్లలందరూ పడుకుని ఉన్నారు. టీచరు వేలు పెదవుల మీద పెట్టి, సైగలతోనే గదులన్నీ చూపించింది. మెట్ల దగ్గర నాచు, ఒక కిటికీకి గడియ లేదు, ముప్పైమందికీ రెండే తువ్వాళ్లు. మొత్తం ఏడు బాణాలు. మర్నాడు పోస్టాఫీసు వెనక బడి. అక్కడా పడుకునే ఉన్నారు. గోడకి చెమ్మ, చెత్తబుట్టకి మూత లేదు. తొమ్మిది.

మూడోరోజు మేడ బడికి. అబ్బ, ఏం బడండీ అది! ఇరవై ఎనిమిది చాపలు గీత గీసినట్టు పరిచి ఉన్నాయి. ఇరవై ఎనిమిది జతల చెప్పులు గోడవారగా వరసలో ఉన్నాయి. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. పైనించి కిందిదాకా వెతికినా రెండే బాణాలు దొరికాయి. అందులో ఒకటి నా ఉక్రోషం కొద్దీ వేసింది.

"పడుకోని పిల్లలు ఎవరైనా ఉంటారా అండీ?" అని మాటవరసకి గుసగుసగా అడిగాను.

ఆ టీచరు చిన్నగా నవ్వింది. "మొదట్లో ఉంటారండీ. వారం తిరిగేసరికి దార్లోకి వస్తారు. మా దగ్గర కళ్లు తెరిచి ఉండడం కుదరదు."

ఆ మాట నాకెంత నచ్చిందో! బుడంకాయకి మధ్యాహ్నం రెండు గంటల నిద్ర ఉండాల్సిందేనని డాక్టరు చెప్పాడు. నేను దాన్ని ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి వంటింటి తలుపుకి అంటించాను. ఒంటిగంట నుంచి మూడు దాకా నిద్ర. రోజూ ఒంటిగంటన్నరకి ఇంటికి ఫోన్ చేస్తాను. "పడుకుందా అత్తయ్యా?" అంటాను. "ఆ, పడుకుందమ్మా" అంటారు. అంతే, ఫోన్ పెట్టేస్తాను. ఏడాదిగా ఒక్కరోజు తప్పలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మా ఇల్లు గడియారంలా నడుస్తోందని నాకు లోలోపల గర్వం.

బాణాలు ఇంత స్పష్టంగా చెబుతుంటే ఇక గొడవేముంది, మేడ బడి రాసెయ్యొచ్చు కదా? రాసేదాన్నే. పని చేసేచోట నోరు జారకుండా ఉంటే.

"మేడ బడా? బాబోయ్, మెట్లెక్కించాలి, దించాలి. బడి నేల మీద ఉండాలి" అంది గుండీలక్క. మా పక్క బల్ల మీద గుండీలు కుట్టే ఆవిడ. నలుగురు పిల్లల్ని పెంచింది కాబట్టి ఆవిడ మాటకి బరువెక్కువ.

"బడి కాదమ్మా, టీచర్ని చూడాలి. పెద్ద వయసు టీచరుంటేనే ఓపికుంటుంది" అన్నాడు ఇస్త్రీ బాబాయి, ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని.

"ఓపికుంటే సరిపోతుందా? పిల్లల వెనకాల పరిగెత్తొద్దూ? కుర్రపిల్లయితేనే నయం" అంది గుండీలక్క.

"కుర్రపిల్లకి పెళ్లయి వెళ్లిపోతే?"

"ముసలావిడ రిటైరయి వెళ్లిపోతే?"

ఇద్దరూ నన్ను వదిలేసి వాళ్లలో వాళ్లు పడ్డారు. ఆరోజు నేను బాగున్న చొక్కాలకి బాణాలు వేశాను, బాగులేనివాటిని పంపించేశాను. సూపర్‌వైజరు వచ్చి "ఏమ్మా, ఒంట్లో బాగులేదా?" అని అడిగేదాకా నాకు తెలియనేలేదు.

ఇంటికొచ్చి దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాను. ఎందుకైనా మంచిదని పెన్సిలుతో రాశాను. మేడ బడి, నీళ్ల ట్యాంకు బడి... చెరిపాను. మళ్లీ రాశాను. మా అత్తగారు బుడంకాయకి తల దువ్వుతూ, ఆ చూపు ఆనని కళ్లతోనే నా వంక చూశారు.

"ఆ రేకుల బడి చూశావా అమ్మాయ్?"

"ఇంకా లేదు. గోడలు కూడా సరిగ్గా లేవట కదా. పైన రేకులు. ఏం చూస్తాం దాన్ని?"

"అదీ నిజమే" అన్నారు ఆవిడ, దువ్వెన వంక చూసుకుంటూ. "ఊరికే అడిగానులే."

బుడంకాయ ఆవిడ ఒళ్లోంచి తలెత్తి ఏదో అనబోయింది. ఆవిడ దాని తల మెల్లిగా ముందుకి వంచి, "కదలకు, పాపిడి వంకరపోతుంది" అన్నారు. నేను పట్టించుకోలేదు. తప్పులు పట్టడానికి జీతం తీసుకునేదాన్ని, ఆ ఒక్కటీ నా కళ్ల ముందునుంచే జారిపోయింది.

నాలుగు అన్నాక నాలుగూ చూడాలి కదా అని, గడువుకి ముందురోజు గురువారం రేకుల బడికి వెళ్లాను. గేటులోనే మూడు బాణాలు. తుప్పు, ఊగిపోతున్న కమ్మీ, పిల్లల చేతికందే మేకు. లోపల నేల పెచ్చులూడింది. ఒక గోడ మీద సగం రంగు వేసి వదిలేశారు. చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, ఎవరివి ఎవరివో ఆ దేవుడికే తెలియాలి. పదిహేను దాకా లెక్కపెట్టేసరికి నాకు కోపమొచ్చింది. నా భోజనం మానుకుని ఇది చూడ్డానికా వచ్చింది!

గదిలో సగం మంది పిల్లలే పడుకుని ఉన్నారు. పెరట్లోంచి కేకలు వినిపిస్తున్నాయి.

"వాళ్లెందుకు పడుకోలేదండీ?" అన్నాను, పెన్ను పట్టుకుని.

టీచరు నడివయసు మనిషి. చేతులకి తడి మట్టి. "నిద్రొచ్చినవాళ్లు లోపల, రానివాళ్లు బయట. బలవంతాన కళ్లు మూయిస్తే లోపల మెలకువగానే ఉంటారు కదండీ. రండి, పెరడు చూద్దురుగాని."

పెరట్లో ఒక మూల రేకుల నీడ. అక్కడ నీళ్ల తొట్టి, చుట్టూ ఏడెనిమిదిమంది పిల్లలు. సీసాల్లోకి నీళ్లు పోసుకుంటున్నారు, ఒలకబోసుకుంటున్నారు. నిలువునా తడిసి ఉన్నారు. ఇంకో నాలుగు బాణాలు. పందొమ్మిది. పదకొండేళ్లలో ఏ చొక్కాకీ అన్ని వేయలేదు.

"అదిగో, కంచె అవతల ఒకతె ఉంది చూడండి" అని టీచరు నవ్వింది. "ఇంకా చేరలేదు గాని, మా వాళ్లలో దానికున్నంత హాజరు ఎవరికీ లేదు. రోజూ ఒంటిగంటంబావుకల్లా వచ్చేస్తుంది."

చూశాను. తీగ కంచె అవతల, సందులో, ఎర్ర గరాటు పట్టుకుని ఒక పిల్ల. కంచె సందులోంచి చెయ్యి ఇవతలికి పెట్టి, ఇవతల పిల్లాడు పట్టుకున్న సీసాలో గరాటు గుచ్చి, "ఇప్పుడు పొయ్యి! ఆగు! ఆగమన్నానా! నువ్వు కాదు, ఆ పాప పొయ్యాలి!" అని ఏడుగురి మీదా అజమాయిషీ చేస్తోంది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ పసుపు గౌను నేనే కుట్టాను. దాని వెనక, గొడుగు పట్టుకుని, కళ్లు చికిలించుకుని, "ఏమైందే, నిండిందా? నాకు కనబట్టంలేదు, చెప్పు" అంటున్నది మా అత్తగారు.

నేను చటుక్కున తలుపు వెనక్కి తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. నా పిల్ల, మా అత్తగారు, నేనెందుకు దాక్కోవాలి? ఏం చేయాలో పాలుపోక, అలవాటైన వేళ్లు ఫోన్ తీసి ఇంటి నంబరే నొక్కాయి. ఆ ఫోన్ మా అత్తగారి దగ్గరే ఉంటుంది.

కంచె అవతల మోగింది. ఆవిడ గొడుగు మెడకి ఆనించుకుని ఫోన్ తీశారు.

"పడుకుందా అత్తయ్యా?" నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆ, పడుకుందమ్మా" అన్నారు, ఒక చేత్తో బుడంకాయ నోరు మూస్తూ. "హాయిగా."

"ఎవరైనా తెలిసినవాళ్లా అండీ?" అంది పక్కన టీచరు.

"లేదండీ" అన్నాను. సొంత కూతుర్ని పట్టుకుని!

ఆ మధ్యాహ్నం కంపెనీలో ఎన్ని చొక్కాలు చూశానో గుర్తులేదు. ముందు ఒళ్లు మండిపోయింది. ఏడాదిగా రోజూ నాతో అబద్ధమా? ఆ కళ్లతో, ఆ ఎండలో, రోడ్డు దాటించి? ఏదైనా జరిగితే? ఇంటికెళ్లగానే కడిగేద్దామనుకున్నాను. ఒక్కో చొక్కా తిరగేస్తూ ఒక్కో మాట సిద్ధం చేసుకున్నాను. అంతలో కిందటేడు నేనన్న మాట గుర్తొచ్చింది. ప్రైవేటు బడి నుంచి పిల్లని వెనక్కి తెచ్చిన వారం అది. ఒంటిగంటన్నరకి ఫోన్ చేస్తే, "పడుకోనంటోందమ్మా, ఆడుకుంటోంది" అన్నారు ఆవిడ. నేను అందరి ముందూ, ఈ బల్ల దగ్గరే నిలబడి, "ఆ ఒక్క పనీ చేతకాదా మీకు?" అన్నాను. గుండీలక్క సూది ఆపి నా వంక చూసింది. ఆ మర్నాటి నుంచే మా ఇల్లు గడియారంలా నడవడం మొదలైంది.

ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలి? బడుల తప్పులన్నీ బాణాలతో సహా నా సంచిలో ఉన్నాయి. నా కూతురు మధ్యాహ్నం పడుకోదన్న సంగతి మాత్రం ఏ పేజీలోనూ లేదు. నాలుగు బడుల్లో నిద్రపోయే పిల్లల్ని చూసొచ్చి, నిద్రపోని పిల్లకి బడి వెతుకుతున్నానన్నమాట. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. అంతలోనే మళ్లీ కోపం వచ్చింది, నాకు చెప్పొచ్చు కదా అని. చెబితే వినేదాన్నా అని మళ్లీ నేనే అనుకున్నాను.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే మా అత్తగారు ఎదురొచ్చారు.

"ఎన్నింటికి లేచింది?" అన్నాను.

"మూడింటికి" అన్నారు, నీళ్ల గ్లాసు అందిస్తూ. గౌను తీగ మీద ఆరేసి ఉంది. అంచునుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి.

అడిగేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ గ్లాసు నా చేతికి కాకుండా నా చేతి పక్కన గాలికి అందిస్తున్నారు. నేనే జరిగి అందుకున్నాను, తాగాను. వంటింటి తలుపు మీది అట్ట మాత్రం చింపేశాను. అడిగితే, పాతదైపోయింది అందామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగుంబావుకి వార్డు ఆఫీసు వరసలో నిలబడ్డాను. చేతిలో పెన్సిలు, రబ్బరు. నా ముందు పదకొండు మంది. మేడ బడి మొదటి గడిలోంచి చెరిపి రేకుల బడి రాశాను. గేటులోని ఆ మేకు గుర్తొచ్చింది. చెరిపాను. గరాటు గుర్తొచ్చింది. రాశాను. కంచె అవతల అమ్మమ్మో నాన్నమ్మో తోడుంటే ఏ పిల్లయినా అజమాయిషీ చేస్తుంది, లోపల ఒక్కత్తే ఉంటే? మళ్లీ గేటు పట్టుకుంటే? నా కుర్చీ పోతే? చెరిపాను. కాగితం ఆ గడి దగ్గర పలచబడి అవతలి వెలుతురు కనబడుతోంది. నా వంతు వచ్చేసరికి అందులో ఏముందో నాకే సరిగ్గా తెలియదు.

గుమాస్తా కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ముందు రేకుల బడా? దాన్ని ఎవరూ ముందు రాయరమ్మా. పొరపాటున రాశారేమో చూసుకోండి."

"పొరపాటేమోనండీ" అన్నాను. "ఉండనివ్వండి."

అతను నా మొహం ఒకసారి చూసి, ఠప్పున ముద్ర వేశాడు.

బుడంకాయ బడిలో చేరే రోజుకి మొదటి వాన పడి వెలిసింది. మళ్లీ ఎండ కాస్తోంది. మా అత్తగారి ఆపరేషన్ అయి అప్పటికి వారం. ఆవిడకి పెద్ద నల్లద్దాలిచ్చి, నెలరోజులు ఇంటిపట్టునే ఉండమన్నారు, మధ్యాహ్నం తప్పకుండా పడుకోమన్నారు. ఆ ఉదయం గుమ్మం దాకా వచ్చి బుడంకాయ చెంప తడిమి, "వెళ్లిరా" అన్నారు. ఆ తర్వాత ఆవిడకి ఏం తోచిందో, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

గేటు దగ్గర ఆగాను. మేకు పీకేసి ఉంది, అది చూశాను. బుడంకాయ నా వేలు పట్టుకుని కాసేపు ఆ గేటు వంక చూసింది. పాపం, ఇన్నాళ్లూ అది వెనక సందునుంచే చూసింది కదా, ముందువైపు దానికి తెలియదు. దాని కింది పెదవి వణికింది. అంతలో టీచరు గుమ్మంలోకి వచ్చింది. దీన్ని చూసి, "వచ్చావా?" అంది, ఏదో రోజూ వచ్చే మనిషిని అడిగినట్టు.

"నా గరాటు ఏది?" అంది బుడంకాయ. నా వేలు వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను అక్కడే నిలబడ్డాను. చూడలేదు. దానికీ ఏడ్చాను, సిగ్గు లేకుండా.

ఒంటిగంట కొట్టగానే డబ్బా మూత కూడా తీయకుండా పరిగెత్తాను. ఉదయం సరే, మధ్యాహ్నం సంగతేమిటి? ముందు గేటునుంచి వెళితే దాని కంట పడతానని వెనక సందులోకి తిరిగాను. తిరిగి, అక్కడే ఆగిపోయాను.

కంచె దగ్గర మా అత్తగారు. నల్లద్దాలు పెట్టుకుని, గొడుగు మర్చిపోయి, నడినెత్తిన ఎండలో నిలబడి లోపలికి చూస్తున్నారు. ఈసారి ఎవరినీ ఏమీ చెప్పమని అడగడం లేదు. లోపల, తొట్టి దగ్గర, నిలువునా తడిసిన బుడంకాయ ఎవరిమీదో కేకలేస్తోంది. ఆవిడ ఒక్కరే నవ్వుకుంటున్నారు.

నేను సందు మొదట్లోనే నిలబడి ఫోన్ తీశాను. ఆవిడ ఉలిక్కిపడి, తడుముకుని, తీశారు.

"అత్తయ్యా, పడుకున్నారా?"

"ఆ, పడుకున్నానమ్మా" అన్నారు, కంచెలోంచి కళ్లు తిప్పకుండానే. "ఇప్పుడే కన్ను మూతపడింది."

"మంచిది" అన్నాను. "మీ నెత్తిన ఎండ పడుతోంది. కాస్త ఎడంపక్కకి జరగండి, అక్కడ నీడుంది."

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"సరేనమ్మా" అని రెండడుగులు ఎడంపక్కకి జరిగారు.